సుల్తాన్ కట్టిన సత్రానికి అరగంట, తివాచీల కొట్టుకు గంటా నలభై నిమిషాలు

టర్కీలో కోన్యా నుంచి కప్పడోకియాకు రోడ్డు మీద వెళ్ళాలనుకునే వాళ్ళకు ముందుగా ఒక మాట. "దారిలో రెండు కారవాన్‌సరాయిలు, భోజనం, గైడు, ప్రవేశ టికెట్లు అన్నీ కలిపి ఒకే ధర" అని ఊరించే వాహనాన్ని మాట్లాడుకోకండి. కారవాన్‌సరాయి అంటే వర్తకుల బిడారులు రాత్రి ఆగే సత్రం, హాన్ అన్నా అదే. తప్పదనుకుంటే ఎక్కడ ఎంతసేపు ఆగుతారో రాయించుకుని మరీ డబ్బు కట్టండి. మేము నలుగురం కలిసి 160 యూరోలు ముందే కట్టాం. 2024 అక్టోబరు లెక్కలో సుమారు 14,700 రూపాయలు. ఆ డబ్బుకు మాకు దక్కినవి గంటా నలభై నిమిషాల తివాచీల ప్రదర్శన, అరగంట సుల్తాన్ హాన్, కారు అద్దంలోంచి వెనక్కి పోతూ కనిపించిన రెండో సత్రం ఆజికరాహాన్. టర్కీ మొత్తంలో నేను పట్టుబట్టి జాబితాలో చేర్చుకున్నవి ఆ చివరి రెండే. మిగతావన్నీ ఇంట్లో వాళ్ళ ముచ్చట్లు.

సోషల్ టీచరుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ బోర్డు మీద ఆసియా పటం వేసి, చైనా నుంచి మధ్యధరా దాకా గీత గీసి "ఇది వర్తక మార్గం" అని చెప్పేదాన్ని. ఆ గీత మీద నడిచిన మనిషి చీకటి పడితే ఎక్కడ పడుకునేవాడు, ఒంటెను ఎక్కడ కట్టేసేవాడు అని ఏ పిల్లవాడూ అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఆ మజిలీ ఒక్కటైనా కళ్ళారా చూడాలన్నది నా కోరిక.

మాతో వచ్చినవాళ్ళు ఎవరంటే, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మావారు, హైదరాబాదులో ఉండే ఆయన అక్కగారు, జర్మనీలో ఉద్యోగం చేస్తున్న ఆవిడ కొడుకు. వాహనం బుక్ చేసింది ఆ మేనల్లుడే. అందుకని ఆ రోజంతా వాహనాన్ని నేను ఒక మాట అంటే అతను రెండు మాటలు వెనకేసుకొచ్చాడు. మధ్యాహ్నం దాటాక మాత్రం అతనే నాకన్నా గట్టిగా అరిచాడు.

కోన్యాలో అంతా సాఫీగానే గడిచింది. సూఫీ కవి రూమీ సమాధి ఉన్న ఆకుపచ్చ గుమ్మటం దగ్గర ప్రవేశం ఉచితం, జనం మాత్రం విపరీతం. 1251లో కట్టిన కరతాయ్ మదరసా లోపలి నీలి పలకల పైకప్పు తప్పక చూడాలి. తిండి గురించి మాత్రం కాస్త చెప్పుకోవాలి. అక్కడ బామ్యా చోర్బసి అని ఒక పులుసు ఇస్తారు. బామ్యా అంటే బెండకాయే. చిటికెన వేలి గోరంత ఉన్నప్పుడే కోసి, దారానికి గుచ్చి ఎండబెట్టిన బెండకాయలవి. నిమ్మరసంతో పుల్లగా కాస్తారు. పెళ్ళి విందుల్లో బరువైన వంటకాల మధ్య నోరు తేటపడడానికి దీన్ని వడ్డిస్తారట. మేము వెళ్ళినప్పుడు గిన్నె 130 లీరాలు, మన డబ్బులో 320 రూపాయల దాకా. అచ్చ శాకాహారి అయిన మా వదినగారు ఇస్తాంబుల్లో దిగినప్పటి నుంచి పప్పు పులుసు, రొట్టె, పెరుగుతో నెట్టుకొస్తున్నారు. గిన్నెలో బెండకాయలు కనిపించగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. చెంచాతో కలిపి చూస్తే అడుగున గొర్రెమాంసం ముక్కలు. ఆవిడ గిన్నెను నా వైపు నెట్టి, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు మాత్రం రెండు గిన్నెలు దక్కాయి. ఆ ప్రయాణంలో నేను తిన్న వాటిలో అంత రుచి మరి దేనికీ లేదు. శాకాహారులు వెళ్తే మాంసం లేకుండా చేస్తారా అని ముందే అడగండి. చాలాచోట్ల చేయరు.

మర్నాడు ఎనిమిదిన్నరకు రావలసిన వాహనం తొమ్మిదింటికి వచ్చింది. గైడు అని వేరే మనిషి ఎవరూ లేరు, డ్రైవరే గైడు. అతనికి తెలిసిన చరిత్రంతా ఒకే వాక్యం: "మార్కో పోలో ఇక్కడ పడుకున్నాడు." సుల్తాన్ హాన్ గురించి అడిగినా అదే, కప్పడోకియాలోని సరిహాన్ అనే మరో సత్రం గురించి అడిగినా అదే. ఆ వెనిస్ వర్తకుడి యాత్రా కథనంలో కోన్యా, కైసరీ, సివాస్ నగరాల పేర్లు, అక్కడి తివాచీల మీద పొగడ్త ఉన్న మాట నిజం. అంతమాత్రాన దారిలో ఉన్న ప్రతి సత్రంలోనూ అతనికి పక్క వేస్తే ఎలా? నేను ఇదే అంటే మేనల్లుడు "అత్తయ్యా, పాపం అతను డ్రైవరు, ప్రొఫెసరు కాదు" అన్నాడు. గైడు పేరుతో డబ్బు తీసుకున్నారు కదా అన్నాను. అప్పటికి ఇంకా గొడవ మొదలవలేదు.

కోన్యా దాటితే దారంతా బయలు. చెట్టు లేదు, గుట్ట లేదు. కోసేసిన గోధుమ చేలు, చక్కెర తీసే బీట్ దుంపల చేలు, అక్కడక్కడా గొర్రెల మందలు. ఈ బయలులో మంచు కురిసే రాత్రి ఆరుబయట చిక్కితే మనిషి తెల్లవారేసరికి మిగలడని చూడగానే తెలుస్తుంది. ఇక్కడ సత్రాలు ఎందుకు అవసరమయ్యాయో ఏ గైడూ చెప్పనక్కరలేదు, కిటికీలోంచి చూస్తే చాలు.

తర్వాత వాహనం రోడ్డు దిగి ఒక పెద్ద రేకుల షెడ్డు ముందు ఆగింది. "పది నిమిషాలు, టీ, బాత్రూం" అన్నాడు డ్రైవరు. లోపల సూటు వేసుకున్న పెద్దమనిషి ఎదురొచ్చి, ఇంగ్లీషులో మా ఊరి పేరు అడిగి, ఇండియా అనగానే ఒక హిందీ సినిమా పాట ఎత్తుకున్నాడు. ఆపిల్ టీ వచ్చింది. పట్టుపురుగుల గూళ్ళు వేణ్ణీళ్ళలో వేసి దారం తీసే ప్రదర్శన జరిగింది. తర్వాత ఇద్దరు కుర్రాళ్ళు ఒకదాని మీద ఒకటిగా తివాచీలు పరుస్తూ పోయారు. మొదట చెప్పిన ధర 4,200 యూరోలు. మేము లేచి నిలబడిన ప్రతిసారీ ధర తగ్గింది, తలుపు దగ్గరి మనిషి మాత్రం పక్కకు తప్పుకోలేదు. మావారు తివాచీల మీదే కూర్చుని కునుకు తీశారు. వదినగారు ఒక్కరే ఆ పెద్దమనిషికి తగిన జోడీ. చివరిదాకా బేరమాడి, అతను 1,350 యూరోలకు దిగాక, "ఇవన్నీ సరే, గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా ఏమైనా ఉందా?" అని అడిగారు. అప్పుడు వదిలిపెట్టారు. బెండకాయ పులుసు నాటి అలక తీరి ఆవిడ నవ్వింది అక్కడే. ప్యాకేజీలోని భోజనం కూడా ఆ షెడ్డు వెనకే. కోడిమాంసం నీళ్ళతో వండిన అన్నం, టొమాటో ముక్కలు, చల్లారిన రొట్టె. మొత్తం మీద ఆ కొట్టులోనే గంటా నలభై నిమిషాలు, భోజనం కాకుండా.

సుల్తాన్‌హానీ ఊరికి చేరేసరికి ఒంటిగంట దాటింది. కోన్యాకు 110 కిలోమీటర్లు, అక్సరాయ్‌కి 40 దాకా ఉంటుంది. ఊరు చిన్నది, ఇళ్ళు పొట్టివి. వాటి మధ్యలో ఈ సత్రం కోటలా లేచి ఉంది. బురుజులు, దళసరి గోడలు, బయటి వైపు కిటికీ అన్నది లేదు. లోపలికి దారి ఒక్కటే, ముందరి సింహద్వారం. రాత్రి ఆ తలుపు మూస్తే తెల్లవారేదాకా తీయరు. పొద్దున్న కూడా అందరూ తమ సరుకు సరిచూసుకున్నాకే తలుపు తీసేవారని చెబుతారు. డ్రైవరు వాచీ చూపించి "థర్టీ మినిట్స్" అన్నాడు. మావారికి అప్పుడు మెలకువ వచ్చింది.

ఆ ద్వారం దగ్గరే నా అరగంటలో పది నిమిషాలు అయిపోయాయి. నలభై అడుగుల పైచిలుకు ఎత్తున, గోడ కన్నా ముందుకు పొడుచుకొచ్చి, పాలరాతితో ఉంటుంది. తలెత్తి చూస్తే కమాను లోపల ముకర్నాస్ చెక్కడం, తేనెపట్టును తలకిందులుగా వేలాడదీసినట్టు అంచెలంచెలుగా దిగుతుంది. చుట్టూ పట్టీలు పట్టీలుగా అల్లికలు, నక్షత్రాలు, ముడులు. మన గుడి గోపురం మీద దేవతలూ నర్తకులూ కథ చెబుతారు. ఇక్కడ మనిషి బొమ్మ లేదు, గీత ఒక్కటే ఎక్కడా తెగకుండా తిరుగుతూ ఉంటుంది. కన్ను దాని మొదలు వెతుక్కుంటూ అక్కడే చిక్కుకుపోతుంది. దీన్ని కట్టింది డమాస్కస్ నుంచి వచ్చిన ముహమ్మద్ బిన్ హవ్లాన్ అనే వాస్తుకారుడని చెబుతారు. కోన్యాలోని అలావుద్దీన్ మసీదు శాసనంలోనూ ఆ పేరుంది.

కట్టించింది అనటోలియాను (ఇప్పటి టర్కీలోని ఆసియా వైపు) ఏలిన సెల్జుక్ తురుష్క వంశపు సుల్తాన్ మొదటి అలావుద్దీన్ కైకుబాద్, 1229లో. ఈయన 1220 నుంచి 1237 దాకా పాలించాడు. ఈయన కన్నా ముందే సెల్జుక్‌లు దక్షిణాన అంతాల్యా రేవును 1207లోనూ, ఉత్తరాన నల్లసముద్రం మీది సినోప్‌ను 1214లోనూ పట్టుకున్నారు. రెండు సముద్రాలూ చేతికి వచ్చాయి, మధ్యలో ఉన్నదంతా ఇదిగో ఈ బయలు. రేవులో దిగిన సరుకు నడిస్తేనే కదా సుంకం వచ్చేది. అందుకని ఒంటె ఒక రోజులో నడవగలిగినంత దూరానికి, అంటే సుమారు 30, 40 కిలోమీటర్లకు ఒకటి చొప్పున హాన్‌లు కట్టుకుంటూ పోయారు. కైకుబాద్ 1220లో వెనిస్ వాళ్ళతో వర్తక ఒప్పందం చేసుకున్నాడు. దారిలో దొంగలు దోచుకుంటే వర్తకుడి నష్టాన్ని ఖజానా నుంచి భర్తీ చేసేవారని కూడా చరిత్రకారులు రాస్తారు.

మోటుపల్లి అభయ శాసనం గురించి చదివిన వాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం అది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు, నేను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏదీ తీసుకోను అని అందులో మాట ఇచ్చాడు. కైకుబాద్, గణపతిదేవుడు ఒకే కాలం వాళ్ళు. ఒకరి పేరు ఒకరు విని ఉండకపోవచ్చు. వర్తకుడికి భయం లేకుండా చేస్తేనే బొక్కసం నిండుతుందని మాత్రం ఇద్దరికీ తెలుసు. ఈ సంగతి ఆ ద్వారం ముందే నిలబడి మావాళ్ళకు చెప్పాను. వదినగారు "మా షేక్‌పేటలో కూడా ఉంది కదా, కుతుబ్‌షాహీల నాటి సరాయి. రెండంతస్తులు. రోజూ దాని ముందు నుంచే పోతాను, ఒక్కసారీ లోపలికి తొంగి చూడలేదు" అన్నారు.

లోపల పెద్ద ప్రాంగణం. ఒక పక్క కమానుల వరుసతో తెరిచి ఉన్న వసారాలు. వేసవిలో పశువులకూ సరుకుకూ అవి. మరో పక్క గదులు, వంటశాల, స్నానశాల. నడుమ ఒంటరిగా ఒక బుల్లి మసీదు. నాలుగు బలమైన కాళ్ళ మీద, నాలుగు కమానుల పైన ఎత్తి నిలబెట్టిన చదరపు గది. సన్నటి రాతి మెట్లెక్కి పైకి పోవాలి. కింద ఒంటెలూ గాడిదలూ ఎంత తొక్కిసలాటగా తిరిగినా పైన ప్రార్థనకు అడ్డు ఉండదు. మెట్లు చూసి వదినగారు మోకాళ్ళు పట్టుకుని కిందే కూర్చున్నారు. ఆ కమానుల అంచుల చెక్కడం కింద నుంచే బాగా కనబడుతుంది కాబట్టి ఆవిడ పెద్దగా నష్టపోలేదు.

మావారు అడుగులతో కొలవడం మొదలుపెట్టారు. కట్టడం మొత్తం దాదాపు 4,900 చదరపు మీటర్లు అని నేను చదివింది చెబితే, "ఎకరం ఇరవై సెంట్లు" అని అక్కడికక్కడే తేల్చేశారు. టర్కీలోని సెల్జుక్ హాన్‌లలో ఇదే పెద్దది. గోడ రాళ్ళ మీద అక్కడక్కడా చిన్న గుర్తులున్నాయి. బాణం లాంటివి, త్రిభుజాలు, అక్షరాల వంటివి. రాయి చెక్కిన ప్రతి పనివాడికీ ఒక గుర్తు ఉండేదట. చేసిన పనికి లెక్క చూసుకోవడానికి. మావారికి ద్వారం కన్నా అవే నచ్చాయి. "మా కాలంలో కొలతల పుస్తకం రాసేవాళ్ళం. వీళ్ళు రాయి మీదే రాసుకున్నారు, ఎవరూ దిద్దలేరు" అన్నారు.

ప్రాంగణం చివర రెండో ద్వారం ఉంటుంది. మొదటిదానికి చిన్న తమ్ముడు, పనితనంలో ఏమీ తీసిపోడు. దాని వెనక శీతాకాలపు శాల. బయటి ఎండలోంచి అందులోకి అడుగుపెట్టగానే మా నలుగురి గొంతులూ వాటంతటవే తగ్గిపోయాయి. నాలుగు వరుసల స్తంభాలు, వాటి మధ్య ఐదు నడవలు. నడిమి నడవ మిగతా వాటికన్నా ఎత్తు. దాని మధ్యలో గుమ్మటం, గుమ్మటం పొట్టలోని కిటికీల నుంచి దిగే వెలుతురు. గోడల్లో పైన సన్నటి చీలికలు తప్ప ఇంకే వెలుగూ లేదు. చలి రాకూడదు, దొంగ రాకూడదు, పొగ మాత్రం పోవాలి, అంతవరకే కిటికీ. మావారు పైకి చూపించి వివరించారు. నడిమి నడవ కప్పు పొడుగునా పోతుంటే, పక్క నడవల కప్పులు దానికి అడ్డంగా తిరిగి ఉన్నాయి. నడిమి కమాను బరువుతో పక్కలకు తోసుకుపోకుండా అవి రెండు వైపులా ఒత్తి పట్టుకుంటాయి. ఇనుము లేదు, సిమెంటు లేదు. మనుషులు అరుగుల మీద, పశువులు కింద, మంచు రాత్రుల్లో ఒకరి వేడి ఒకరికి. వాసన ఎలా ఉండేదో అని మేనల్లుడు అన్నాడు. తివాచీల షెడ్డు కన్నా నయం అన్నాను.

సరిగ్గా అప్పుడే డ్రైవరు వచ్చి చప్పట్లు కొట్టాడు. టైం అయిపోయిందట.

గొడవ అక్కడ పడింది. కొట్టులో గడిపింది మా అరగంటలోంచి ఎలా పోతుందని నేను, మీరే కదా టీ తాగారు అని అతను. ఇంకో గంట ఆగాలంటే 30 యూరోలు అదనంగా ఇవ్వాలన్నాడు. అప్పటిదాకా కంపెనీ తరఫున మాట్లాడిన మేనల్లుడు ఫోనులో బుకింగ్ కాగితం తీసి చూపించాడు. అందులో "కారవాన్‌సరాయి సందర్శన" అని ఉంది, ఎన్ని నిమిషాలో లేదు. తివాచీల కొట్టు పేరు కూడా లేదు. ఆఫీసుకు ఫోను చేస్తే ఎత్తలేదు. చివరికి 20 యూరోలకు గంట కొన్నాం. సుల్తాన్ వచ్చినవాళ్ళకు ఉచితంగా ఇచ్చిన నీడను ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత గంటకు 1,840 రూపాయల చొప్పున కొనుక్కున్నామన్నమాట. ఇచ్చినందుకు నాకు బాధ లేదు, అడిగినందుకే మంట.

ఆ కొన్న గంటలో నేను మళ్ళీ శాలలోకి వెళ్ళి ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. ఈ కట్టడం ఒకసారి కాలిపోయింది. 1278లో అక్కడి పాలకాధికారి బాగుచేయించి, పెంచాడు. ఆ తేదీ చూస్తే నాకు కాస్త ఆశ్చర్యమే. 1243లో కోసెదాగ్ యుద్ధంలో మంగోలులు సెల్జుక్‌లను చిత్తుగా ఓడించారు. ఆ తర్వాత సుల్తాన్‌లు పేరుకే సుల్తాన్‌లు. పైన ప్రభువులు మారినా, ఖజానా వెలవెలబోయినా, సత్రం మాత్రం మరమ్మతు చేయించుకున్నారు. దారి నడుస్తోంది కాబట్టి. పాఠ్యపుస్తకాల్లో ఓటమితో అధ్యాయం ముగించేస్తాం, ఆ మర్నాడు కూడా ఒంటెలు బయలుదేరాయని రాయం.

ఈలోగా మావారూ మేనల్లుడూ ఊళ్ళోకి వెళ్ళి ఒక చిన్న కొట్టు ముందు కూర్చున్న పెద్దాయనతో సైగల భాషలో స్నేహం చేసుకున్నారు. సుల్తాన్‌హానీ ఊరు అసలు పేరుపడింది పాత తివాచీల మరమ్మతుకట. అరిగిపోయినవి, ఎలుకలు కొరికినవి, కాలినవి ఇక్కడికి వస్తాయి. అదే కాలపు ఉన్ని, అదే రంగు వెతికి, ముడి వెంట ముడి వేసి, చిరుగు ఎక్కడో కనపడకుండా నింపుతారు. ఆ పెద్దాయన ఒళ్ళో ఉన్న తివాచీలో అరచేయంత రంధ్రానికి వారం పని పడుతుందని వేళ్ళు చూపించి చెప్పాడట. టీ ఇచ్చాడు, ఏమీ అమ్మజూపలేదు. తివాచీల గురించి ఏదైనా తెలుసుకోవాలని ఉంటే ఈ ఊళ్ళో ఇలాంటి కొట్ల ముందు నిలబడండి. హైవే పక్కన సూటు వేసుకున్న వాళ్ళ దగ్గరకు వెళ్ళవద్దు.

తర్వాత అక్సరాయ్ దాటి పదిహేను కిలోమీటర్లకు రోడ్డు పక్కనే ఆజికరాహాన్. డ్రైవరు వేగమైనా తగ్గించలేదు. "క్లోజ్డ్" అన్నాడు. ద్వారం అయినా చూస్తాం, రెండు నిమిషాలు ఆపమన్నాం. వెనక వాహనాలున్నాయని పోనిచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు మీద ఒక గొర్రెల బండి తప్ప ఏమీ లేదు.

కప్పడోకియాలోని గోరెమె ఊళ్ళో దిగిన బస గురించి కూడా చెప్పాలి. "కారవాన్‌సరాయి శైలి గుహ గదులు" అని ప్రకటన, గదికి రాత్రికి 95 యూరోలు. శైలి అంటే గోడకు వేలాడదీసిన ఒంటె పట్టెడ ఒకటి. గుహలో చెమ్మ వాసన. రాత్రి పదింటికి గాని హీటరు వేయరు. వదినగారికి వేడినీళ్ళు కావాలని అడిగితే కెటిల్ తెచ్చి, ఖాళీ చేసేటప్పుడు బిల్లులో 150 లీరాలు వేశారు. నీళ్ళకు! ఇక్కడ నాకు కరతాయ్ హాన్ గుర్తుకొచ్చింది. కైసరీకి తూర్పున ఉన్న ఆ సత్రాన్ని కట్టించిన జలాలుద్దీన్ కరతాయ్ ఒకప్పుడు బానిస, తర్వాత సెల్జుక్ రాజ్యంలో పెద్ద అమీరు. కోన్యాలోని నీలి పలకల మదరసా కట్టించిందీ ఆయనే. ఆ హాన్ నిర్వహణకు రాయించిన దానపత్రం ఇప్పటికీ ఉంది. వచ్చిన మనిషి ముస్లిం అయినా కాకపోయినా, స్వతంత్రుడైనా బానిస అయినా, ఆడైనా మగైనా ఒకే భోజనం పెట్టాలని అందులో ఉంది. శుక్రవారం రాత్రి తేనెతో చేసిన మిఠాయి, పేద బాటసారికి చెప్పులు కూడా. ఈ హాన్‌లలో మూడు రోజుల దాకా ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవారు కాదట. ఇదంతా వదినగారికి చెబితే, "అయితే కెటిల్ డబ్బు ఆయన వారసుల దగ్గర వసూలు చేసుకుందాం" అన్నారు. ఆ బసలో పొద్దున్న పెట్టే ఫలహారం మాత్రం నిజంగా బాగుంది. నాలుగు రకాల ఆలివ్‌లు, తేనె, మీగడ, వేడి రొట్టె. శాకాహారికి టర్కీలో పొద్దున పూటే పండగ.

నా మనసు కుదుటపడక ఒక పూట టాక్సీ మాట్లాడాను. గోరెమె నుంచి ఆజికరాహాన్, తిరుగు దారిలో సరిహాన్, మొత్తం 3,000 లీరాలు, అంటే అప్పటి లెక్కలో 7,350 రూపాయలు. మీటరు కాదు, బేరమే. మొదట 4,500 అన్నాడు. వదినగారిని ముందుకు పంపాను. ఆజికరాహాన్ తలుపు నిజంగానే మూసి ఉంది. అంతవరకు మొదటి డ్రైవరు అబద్ధమాడలేదు. ఆ ద్వారం చూడడానికి టికెట్టు అక్కరలేదు, తాళంచెవి అక్కరలేదు. రోడ్డు పక్కన రెండు నిమిషాలు ఆగితే చాలు. దీన్ని కట్టించింది సుల్తాన్ కాదు, హోజా మసూద్ అనే సంపన్నుడు. 1231లో లోపలి శాలతో మొదలుపెట్టి, 1240 దాకా ప్రాంగణం పూర్తిచేశారు. సుల్తాన్ హాన్ ఆడంబరం దీనికి లేదు. గోడలు ముదురు రంగు, బురుజులు మొండివి. నాకు ఇదే ఎక్కువ నచ్చింది అంటే మావారు ఒప్పుకోరు. ఆయన ఓటు ఆ అడ్డు కప్పులకే.

సరిహాన్ అవానోస్ ఊరికి దగ్గర. 1249 నాటిది, లేత పసుపు రాయి. ఇందులో బుల్లి మసీదు ప్రాంగణం నడుమ కాకుండా సింహద్వారం పైనే కట్టారు. అది తప్ప మిగతా అమరిక అదే. సాయంత్రాలు శీతాకాలపు శాలలో దర్వీషుల సమా, అంటే సూఫీ సాధువులు గుండ్రంగా తిరుగుతూ చేసే ఆచారం, జరుగుతుంది. మనిషికి 30 యూరోలు ఇచ్చాం. జరుగుతున్నంతసేపూ ఫొటోలు తీయనివ్వరు, మంచి పని. నాట్యం చూడబోతున్నామన్న ఊహతో వెళ్ళకండి, అది ప్రార్థన. మొదటి ఇరవై నిమిషాలు ఎవరూ తిరగరు. మేనల్లుడికి నిద్ర వచ్చింది. వదినగారు మాత్రం కదలకుండా కూర్చుని, అయిపోయాక "మన భజనలో కూడా చివరికి ఇలాగే అవుతుంది" అన్నారు. కప్పడోకియాలో పెట్టిన ఖర్చులో నేను మళ్ళీ పెట్టమంటే పెట్టేది ఇదొక్కటే. బెలూను గురించి అడగకండి, గాలి బాగాలేదని రద్దు చేశారు. ఆ డబ్బు పూర్తిగా వెనక్కి ఇచ్చారు, కాబట్టి ఫిర్యాదు లేదు.

మీరు వెళ్తే ఇలా చేయండి. కోన్యా బస్సు స్టేషన్ నుంచి అక్సరాయ్ వెళ్ళే బస్సులు సుల్తాన్‌హానీ మీదుగా పోతాయి. ఎక్కేటప్పుడే అక్కడ దిగుతామని చెప్పి, పొద్దున్నే వెళ్ళి దిగండి. రెండు గంటలు హాన్‌లో, ఒక గంట మరమ్మతు కొట్ల దగ్గర గడిపి, వచ్చే బస్సులో అక్సరాయ్ చేరి అక్కడి నుంచి కప్పడోకియా వైపు పోయే నెవ్‌షెహిర్ బస్సు ఎక్కండి. సామాను బరువు తగ్గించుకోవాలి. పెద్ద సూట్‌కేసులతో ఇది కుదరదు, పెద్దవాళ్ళు ఉంటే అక్సరాయ్‌లో టాక్సీ తీసుకోండి. అక్టోబరులో కూడా శాల లోపల చలి పట్టేస్తుంది, శాలువా దగ్గర పెట్టుకోండి. మధ్యాహ్నం పన్నెండు, రెండు గంటల మధ్య టూరు బస్సులన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి, ఆ వేళ తప్పించండి.

మేనల్లుడు కంపెనీకి పెద్ద ఈమెయిలు రాశాడు. కొట్టులో ఎంతసేపు, హాన్‌లో ఎంతసేపు, ఆజికరాహాన్ దగ్గర ఆపనిది, అన్నీ ఫొటోల్లోని గంటలూ నిమిషాలతో సహా. జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. జరిగినదానికి చింతిస్తున్నారట. తర్వాతి ప్రయాణంలో వాడుకోవడానికి 15 యూరోల కూపను పంపారు, ఏడాది గడువు. అతను దాన్ని వాళ్ళ అమ్మకు పంపించాడు. ఆవిడకు ఇంకా పట్టా దొరకలేదు.